పాత ఇటుకను మళ్లీ గోడకెక్కించే పద్ధతి

పాత కట్టడం కూల్చగా వచ్చే ఇటుక మళ్లీ పనికివస్తుందా లేదా అన్నది చాలావరకు ఇటుకను బట్టి కాక, దాన్ని పట్టి ఉంచిన మాలును, అంటే ఇటుకల మధ్య వేసే సున్నం, మట్టి లేదా సిమెంటు ముద్దను బట్టి తేలుతుంది. బాగా కాలిన ఇటుక శతాబ్దాల తరబడి నిలుస్తుంది. ఇంగ్లండులోని సెయింట్ ఆల్బన్స్‌లో 1077లో మఠాలయ నిర్మాణం మొదలుపెట్టినవారు, పక్కనే శిథిలమై ఉన్న వెరులామియం అనే రోమన్ పట్టణం నుంచి ఇటుకలు ఏరి తెచ్చుకున్నారు. అప్పటికే వందల ఏళ్లు గడిచిన ఆ ఇటుకలతో లేచిన గోపురం నేటికీ నిలిచి ఉంది. ఇటుక వయసు అడ్డంకి కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. అడ్డంకి వచ్చేది ఇటుకను గోడలో నుంచి చెక్కుచెదరకుండా విడదీయడంలోనే. సున్నంతోనో మట్టితోనో కట్టిన గోడలో జాయింటు ముందు వీడుతుంది, ఇటుక మిగులుతుంది. సిమెంటు ఎక్కువ వేసి కట్టిన గోడలో జాయింటు వీడదు, ఇటుకే పగులుతుంది.

అందుచేత ఈ పని గోడ నిలబడి ఉండగానే మొదలుకావాలి. యంత్రంతో తోసి పడేసిన గోడలో చాలా ఇటుకలు ముక్కలవుతాయి. మిగిలినవి కూడా, గోడలో ఎక్కడ ఉండేవో తెలియనివ్వకుండా, ఒకే కుప్పలో కలిసిపోతాయి. ఆ రెండో నష్టమే పెద్దదని నా అభిప్రాయం.

గోడ నిలబడి ఉండగా చూడవలసినవి

ముందు మాలు సంగతి తేల్చుకోవాలి. ఒకచోట పూత ఊడగొట్టి, జాయింటును గట్టి మేకుతో గీసి చూడాలి. మట్టి మాలు గోటికే రాలుతుంది. సున్నపు మాలు తెల్లగానో లేత గోధుమరంగులోనో ఉండి, అక్కడక్కడ సరిగా కలవని తెల్లని సున్నపు పలుకులతో కనిపిస్తుంది. మేకుతో గీస్తే పొడిగా రాలుతుంది. సిమెంటు మాలు సాధారణంగా బూడిదరంగులో ఉంటుంది, దాని మీద మేకుకు గీత మాత్రమే పడుతుంది. అయితే పైపైన చూసి తీర్పు చెప్పకూడదు. పాత సున్నపు గోడలకు తర్వాతి కాలంలో సిమెంటుతో పాయింటింగ్ చేసి, అంటే జాయింట్ల పైభాగాన్ని సిమెంటుతో పూడ్చి ఉండడం మామూలే కాబట్టి, జాయింటులోకి మూడు నాలుగు సెంటీమీటర్ల లోతుకు తవ్వి, లోపల ఏముందో చూసుకోవాలి.

తర్వాత, ప్రమాదం లేని చోట ఒక చదరపు మీటరు మేర గోడను చేత్తో విప్పించి, మొత్తం ఇటుకల్లో ఎన్ని పూర్తిగా వచ్చాయో, ఎన్ని విరిగాయో లెక్కపెట్టాలి. మాలుతో కలిపి 20 × 10 × 10 సెంటీమీటర్ల కొలతకు వచ్చే ఇటుకైతే ఒక ఘనమీటరు గోడలో సుమారు 500 పడతాయి. వేరే కొలతైతే ఇదే విధంగా లెక్కవేసుకోవచ్చు. గోడల మొత్తం ఘనపరిమాణాన్ని ఈ సంఖ్యతో గుణించి, నమూనాలో పూర్తిగా వచ్చిన ఇటుకల శాతాన్ని వర్తింపజేస్తే, చేతికి అందే ఇటుకల సంఖ్యతో పాటు పట్టే కూలి రోజులు కూడా ముందే అంచనాకు వస్తాయి. నమూనాలోనే సగానికి పైగా విరిగితే, ఆ గోడను ఇటుకలుగా విప్పాలన్న ఆశ వదులుకుని, ముక్కలుగా వాడే దారి చూసుకోవడం మేలు.

సిమెంటు గోడకు మరొక దారి లేకపోలేదు. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్‌లో 2019లో పూర్తయిన రిసోర్స్ రోస్ అనే నివాస సముదాయంలో, సిమెంటు మాలుతో కట్టిన పాత గోడలను ఇటుకలుగా విప్పే ప్రయత్నం చేయకుండా, పలకలు పలకలుగా కోసి తెచ్చి కొత్త భవనాల ముఖభాగంలో అమర్చారు. కోత యంత్రం, క్రేను, పలకను వెనకనుంచి పట్టి ఉంచే చట్రం, వీటన్నిటినీ లెక్కగట్టే ఇంజినీరు ఉంటేనే అది సాధ్యపడుతుంది కాబట్టి, చిన్న ఇంటి పనికి ఆ పద్ధతి అందేది కాదు.

ఇక గోడలోని ఏ భాగం ఏ పనిలో ఉండేదో గుర్తించి, సుద్దముక్కతో గీతలు గీసి విభజించుకోవాలి. నేలకు ఆనుకుని ఉన్న అడుగు వరుసలు భూమిలోని తేమను పీల్చుకుంటూ, ఆ తేమతో వచ్చిన లవణాలను తమలో నిలుపుకుంటాయి. నేల నుంచి సుమారు మీటరు ఎత్తు వరకు ఈ బెడద ఉంటుంది. పశువుల కొట్టాలు, మరుగుదొడ్లు, ఎరువులు నిల్వచేసిన గదుల ఇటుకల్లో నైట్రేట్ల వంటి లవణాలు చేరి ఉంటాయి. పొగగొట్టం ఇటుకల్లో మసి, తారు, సల్ఫేట్లు ఇంకి ఉంటాయి. వాటితో గది గోడ కడితే ఎన్ని పూతలు వేసినా గోధుమరంగు మరకలు పైకి తేలుతూనే ఉంటాయి. వీటిని కడిగితే సరిపోతుందనుకోవడం పొరపాటు. కడిగినప్పుడు పైన ఉన్నది పోతుంది. లోపల ఉన్నది మళ్లీ తడి తగిలినప్పుడు బయటికి వచ్చి, పూతను పెచ్చులుగా ఊడదీస్తుంది. ఇటువంటి భాగాలను విడిగా విప్పి, విడిగానే ఉంచాలి.

వీటన్నిటికంటే ఎక్కువగా జనం పట్టించుకోనిది మరొకటి ఉంది. పూర్వం మందపాటి గోడలు కట్టేటప్పుడు గట్టిగా కాలిన ఇటుకలను వెలుపలి ముఖానికి వాడి, తక్కువ కాలిన మెత్తని ఇటుకలను గోడ మధ్యలోనూ లోపలి వైపునూ సర్దేవారు. గోడ ఉన్నంతకాలం వానకు ఎండకు దూరంగా ఉన్న ఆ మెత్తని ఇటుక కూడా నిక్షేపంగా ఉంటుంది. కుప్పలో పడ్డాక రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. అటువంటి లోపలి ఇటుకను తెలియక వెలుపలి గోడకు వాడితే, కొన్ని వానకాలాలకే దాని ముఖం పొడిపొడిగా రాలిపోతుంది. నీరు గడ్డకట్టే చలి ఉండే ప్రాంతాల్లో అయితే ఇటుకలో ఇంకిన నీరు మంచుగా మారి వ్యాకోచించి, ఒకటి రెండు శీతకాలాలకే ముఖాన్ని పొరలుగా ఊడగొడుతుంది. విప్పుతున్నప్పుడే బయటి వరుస ఒక కుప్ప, లోపలి వరుస మరొక కుప్ప అని వేరుచేయించడానికి అదనపు ఖర్చేమీ ఉండదు.

విప్పడం

కరెంటు, నీటి గొట్టాలు, గ్యాసు ఆపించకుండా గోడ మీద దెబ్బ వేయకూడదు. ఆస్‌బెస్టాస్ రేకులు ఉంటే వాటిని తీసే పని అందులో శిక్షణ ఉన్నవారికే వదిలేయాలి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉన్నందున, రంగు వేసిన ఇటుకలను పొడిగా గీకకూడదు.

పైకప్పు, దాని తర్వాత దూలాలు దించాక, గోడను పైనుంచి కిందికి ఒక్కొక్క వరుసగా విప్పుతూ రావాలి. పనివాళ్లు నిలబడవలసింది పరంజా మీద, విప్పుతున్న గోడ మీద కాదు. ఆసరా పోయిన పొడవాటి గోడ గాలికే ఒరిగే ప్రమాదం ఉంది కాబట్టి, దానికి రెండు వైపులా ఊతకర్రలు పెట్టాలి. ఉలిని అడ్డ జాయింటులో పెట్టి మెల్లగా కొట్టి, ఇటుక కదిలాక పైకి లేపాలి. పలుగును పక్క ఇటుక అంచు మీద ఆనించి ఎత్తితే ఒక ఇటుక వస్తుంది, రెండోదాని మూల పోతుంది. తీసిన ఇటుకను కిందికి విసరకుండా చేతులు మార్చుకుంటూనో, బుట్టలో పెట్టి తాడుతోనో దించాలి. మీటరు ఎత్తు నుంచి పడి పగలని ఇటుకలో కూడా కంటికి కనపడని చీలిక రావచ్చు.

దుమ్ము విషయంలో నిర్లక్ష్యం పనికిరాదు. ఇటుకలోనూ మాలులోని ఇసుకలోనూ ఉండే సిలికా, అతి సన్నని ధూళిగా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే నయంకాని జబ్బు వస్తుంది. గోడను ముందే నీళ్లు చల్లి తడపాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవడంతో సరిపెట్టకుండా సన్నని ధూళిని ఆపే మాస్కు వాడాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. కోత యంత్రంతో పొడిగా మాలు గీకించడం మరీ ప్రమాదకరం.

శుభ్రం చేయడం

నేర్పు అవసరమైనదీ, ఎక్కువ సమయం తీసుకునేదీ ఈ దశే. ఇటుకను ఇసుక మీద పరిచిన గోనెసంచిపై పెట్టి, ఒక అంచు తనవైపు ఉండేలా సర్దుకోవాలి. వెడల్పాటి ఉలి అంచును ఇటుకకూ మాలుకూ మధ్య ఉండే సన్నని గీత మీద ఆనించి, ఉలిని దాదాపు ఇటుక తలానికి సమాంతరంగా వాల్చి, సుత్తితో చిన్న దెబ్బ వేస్తే సున్నపు మాలు అరచేయంత పెచ్చుగా లేచి వస్తుంది. ఉలిని నిటారుగా పెట్టి కొడితే దెబ్బ ఇటుకలోకి దిగి అంచు ఊడిపోతుంది. అలవాటుపడిన చేతికి ఇటుకకు నాలుగైదు దెబ్బలు చాలు. అంతకు మించి కొట్టవలసివస్తే ఆ ఇటుకను పక్కన పెట్టడమే లాభం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మనీ నగరాల్లో బాంబులకు కూలిన ఇళ్ల ఇటుకలను వేలాదిమంది స్త్రీలు ఇలాగే చేతి సుత్తులతో గీకి, కొత్త ఇళ్లకు అందించారు. నేటికీ చిన్న పనులకు అంతకంటే పెద్ద సాధనమేమీ అక్కరలేదు.

పైన, కింద, రెండు కొసల్లో మాలు పూర్తిగా పోవాలి. ఇటుక మీది గుంటలో ఉన్నదీ వచ్చినంత మేరకు తీయాలి. కంటికి శుభ్రంగా కనిపించిన తర్వాత కూడా ఇంకొక పని మిగిలి ఉంటుంది. పాత సిమెంటు, సున్నం పొడి ఇటుక సూక్ష్మరంధ్రాల్లో కూరుకుపోయి ఉంటుంది. కొత్త మాలు ఇటుకను పట్టుకోవాలంటే అందులోని నీరు కొంత ఈ రంధ్రాల్లోకి ఇంకాలి. అవి మూసుకుపోతే పట్టు బలహీనమవుతుంది. పాత ఇటుకల గోడలకు అతుకు బలం తక్కువన్న పేరు రావడానికి ముఖ్య కారణం ఇదే. కాబట్టి గట్టి బ్రష్షుతో తోమి, మంచినీటితో కడిగి ఆరబెట్టాలి.

మాలు తొందరగా కరుగుతుందని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఇటుకలు ముంచే అలవాటు కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఆ ఆమ్లం మాలును ఎంత కరిగిస్తుందో, ఇటుకలో క్లోరైడ్ లవణాలను అంత మిగులుస్తుంది; కొన్ని రకాల ఇటుకల మీద పచ్చని, గోధుమరంగు మరకలు కూడా తెప్పిస్తుంది. దాన్ని దూరంగా ఉంచడమే మంచిది.

ఏరడం, పరీక్షించడం

శుభ్రమైన ఇటుకలు రెండింటిని ఒకదానితో ఒకటి తట్టితే ఖంగుమని మోగాలి. బొంగురుగా, మట్టికుండ పగిలినట్టు వినిపిస్తే లోపల చీలికైనా ఉండాలి, సరిగా కాలకపోయైనా ఉండాలి. గోటితో గీస్తే గీత పడకూడదు. ఇవి ప్రతి ఇటుకకూ చేసే పరీక్షలు. ఆ తర్వాతివి నమూనా ఇటుకలకు చేస్తే చాలు, కాని ఆ నమూనాలను గోడలో వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన కుప్పలన్నిటి నుంచీ తీయాలి.

నీటిపీల్పు పరీక్షకు ప్రయోగశాలలో ఇటుకను 105 నుంచి 115 డిగ్రీల సెల్సియస్ వేడిలో బరువు మారనంతవరకు ఆరబెట్టి, తూచి, చల్లటి నీటిలో 24 గంటలు నానబెట్టి, తుడిచి మళ్లీ తూస్తారు. ఆరిన ఇటుక 2.8 కిలోలు, నానిన ఇటుక 3.2 కిలోలు తూగిందనుకుంటే, పీల్చిన నీరు 400 గ్రాములు. దాన్ని ఆరిన బరువుతో భాగిస్తే 14 శాతం పైచిలుకు వస్తుంది. సాధారణ గోడపనికి 20 శాతం మించకుండా ఉంటే సరే. అంతకు మించి పీల్చేది లోపలి గోడకైనా, పూత కింద ఉండే గోడకైనా పరిమితం కావాలి. వంటింటి తూకంతో, నాలుగైదు రోజుల గట్టి ఎండలో ఆరబెట్టిన ఇటుకతో ఈ పరీక్ష చేస్తే ఖచ్చితమైన అంకె రాదు గాని, కుప్పకూ కుప్పకూ మధ్య తేడా మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.

లవణాల కోసం, వెడల్పాటి పళ్లెంలో 25 మిల్లీమీటర్ల లోతు నీరు పోసి, ఇటుకను నిలువుగా నిలబెట్టి, గాలి ఆడే చోట ఆ నీరంతా ఇంకి ఆరేదాకా ఉంచాలి. మళ్లీ అంతే నీరు పోసి మరోసారి ఆరనివ్వాలి. ఇటుక మీద తెల్లని పూత ఉపరితలంలో పదో వంతు లోపు కనిపిస్తే ఫరవాలేదు. సగానికి పైగా కమ్ముకున్నా, పొడిగా రాలుతూ ముఖాన్ని పొరలుగా లేపినా, ఆ కుప్పను నివాసపు గోడలకు వాడకూడదు.

బరువు మోసే గోడలకు పై పరీక్షలు చాలవు. అక్కడ నమూనాలను ప్రయోగశాలలో నలగగొట్టించి, ఎంత ఒత్తిడికి ఆగాయో కాగితం మీద తెచ్చుకున్న తర్వాతే ఇంజినీరు గోడ మందాన్ని నిర్ణయించాలి. ఒకటికి మించి అంతస్తులున్న కట్టడాల్లోనూ, భూకంపాలు వచ్చే ప్రాంతాల్లోనూ ఈ మెట్టు దాటవేయడానికి వీల్లేదు. చట్రం మీద నిలబడే భవనాల్లో నింపుడు గోడలకు, లోపలి అడ్డుగోడలకు, ప్రహరీలకు, తోట దారులకు ఇంత పట్టింపు అక్కరలేదు.

కొలతలు కూడా చూసుకోవాలి. పాత ఇటుకలు ఒకే భవనంలోనివే అయినా రెండు మూడు బట్టీలవి కావచ్చు. 20 ఇటుకలను వరుసగా పేర్చి మొత్తం పొడవు, ఎత్తు కొలిస్తే సగటు తెలుస్తుంది. దాని నుంచి 5 మిల్లీమీటర్లకు మించి తేడా ఉన్నవాటిని వేరుచేయడం మంచిది. పాతవీ కొత్తవీ ఒకే వరుసలో కలిపి కట్టడం కంటే, ఒక గోడ మొత్తం పాతవాటితో, మరొకటి కొత్తవాటితో కట్టడం సుళువు. కలిపితే జాయింటు మందాలు ప్రతి వరుసలోనూ మారుతూ మేస్త్రీ సమయమంతా సర్దుబాట్లకే పోతుంది.

ఏరిన ఇటుకలను నేల మీద కాకుండా చెక్కల మీద పేర్చి, పైన పట్టా కప్పాలి. నేల మీద పేరిస్తే అడుగు వరుసలు మళ్లీ లవణాలు పీల్చుకుంటాయి.

మళ్లీ కట్టడం

మాలు ఎంత గట్టిగా ఉంటే గోడ అంత గట్టిదన్న నమ్మకం పాత ఇటుకల దగ్గర నష్టం చేస్తుంది. గోడ ఎండకు, తేమకు, పునాది కదలికకు కొద్దికొద్దిగా కదులుతూనే ఉంటుంది. ఆ కదలిక మెత్తని మాలులో సన్నని గీతలుగా సర్దుకుపోతుంది. మాలు ఇటుక కంటే గట్టిదైతే పగులు ఇటుక గుండానే సాగుతుంది. తేమ కూడా అంతే: మెత్తని జాయింటు గుండా ఆరవలసిన తడి, గట్టి జాయింటు అడ్డుపడితే ఇటుక ముఖం నుంచే ఆరుతుంది, దానితో వచ్చే లవణాలు ఇటుకనే తినేస్తాయి.

మెత్తని పాత ఇటుకలకు సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లుగా కలిపిన మాలు సరిపోతుంది. మధ్యరకం ఇటుకలకు సిమెంటు ఒకటి, సున్నం రెండు, ఇసుక తొమ్మిది పాళ్లు. గట్టి ఇటుకలకు, వాన తగిలే గోడలకు సిమెంటు ఒకటి, సున్నం ఒకటి, ఇసుక ఆరు పాళ్లు వాడవచ్చు. సిమెంటు ఒక పాలు, ఇసుక మూడు పాళ్ల గట్టి మాలు పాత ఇటుకకు పనికిరాదు. పైగా దానితో కట్టిన గోడ నుంచి ఈ ఇటుకలను మరోసారి విప్పి తీయడం ఎవరి వల్లా కాదు.

ఇటుకలను కట్టే ముందు నీటిలో వేసి, బుడగలు రావడం ఆగాక బయటికి తీసి, పైతడి ఆరిన తర్వాతే గోడ మీద పెట్టాలి. నీరు కారుతున్న ఇటుక మాలు మీద జారుతుంది, పొడి ఇటుక మాలులోని నీటిని గుంజుకుని దాన్ని పొడిబారుస్తుంది. అంచులు అరిగిన ఇటుకలకు 10 మిల్లీమీటర్ల జాయింటు చాలకపోవచ్చు, 12 వరకు ఇవ్వవచ్చు. ప్రతి ఇటుకలోనూ అందమైన ముఖం ఒకటి ఉంటుంది. దాన్ని బయటికి తిప్పి పెట్టమని మేస్త్రీకి మొదటి రోజే చెప్పాలి, లేకపోతే అలవాటు కొద్దీ చేతికి ఎలా వస్తే అలా పెట్టేస్తారు. దారం లాగినప్పుడు పాత ఇటుకల పై అంచులు దానికి సరిగ్గా తాకవు కాబట్టి, ఒక్కొక్క ఇటుకను కాక వరుస మొత్తాన్ని రసమట్టంతో చూసుకోవాలి. రోజుకు మీటరుకు మించి ఎత్తు లేపకూడదు. సున్నపు మాలైతే అంతకంటే తక్కువే. సిమెంటు కలిసిన మాలుకు కనీసం వారం రోజులు తడి పెట్టాలి. సున్నపు మాలును తడి గోనెలతో ఎండ నుంచి కాపాడుతూ, గాలి తగలనివ్వాలి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే అది గట్టిపడుతుంది.

భూమి లోపలి పునాదికి, నీటి తొట్టెలకు, రెండు వైపులా వాన తగిలే పిట్టగోడల పై వరుసకు పాత ఇటుక వాడకపోవడమే క్షేమం.

ముక్కలు, పొడి

అర ఇటుకలు గోడ మూలల్లో, కిటికీల అంచుల్లో ఎలాగూ కావాలి. వాటి కోసం మంచి ఇటుకలు విరగగొట్టకుండా వీటినే వాడుకోవచ్చు. చిన్న ముక్కలను 20 నుంచి 40 మిల్లీమీటర్ల కంకరగా కొట్టి, సున్నంతో కలిపి నేల అడుగు పొరలకు, దారుల కింద పరుపుకు వాడతారు. ఇటుక కంకర నీటిని విపరీతంగా పీలుస్తుంది కాబట్టి, కలిపే ముందు రాత్రంతా నానబెట్టకపోతే మాలులోని నీరంతా దానికే పోతుంది. ఇనుప చువ్వలు వేసే కాంక్రీటుకు దీన్ని వాడకూడదు.

నేల కింద నింపే ముక్కల్లో జిప్సం పూత పెచ్చులు కలిసి ఉన్నాయేమో జాగ్రత్తగా చూడాలి. జిప్సంలోని సల్ఫేటు తేమతో కలిసి పైనున్న సిమెంటు కాంక్రీటును లోపలినుంచి ఉబ్బించి, నేలను పైకి లేపి పగులగొడుతుంది. ఈ పెచ్చులు తెల్లగా, తేలికగా, గోటికి సులువుగా గీత పడేలా ఉంటాయి. ముక్కలు కొట్టించకముందే ఏరివేయాలి, కొట్టాక ఏరడం అయ్యే పని కాదు.

మరీ మెత్తని, తక్కువ కాలిన ఇటుకలు దేనికీ పనికిరావనిపించినా వాటికీ ఒక చోటు ఉంది. సన్నగా దంచి జల్లించిన ఆ పొడినే సుర్కీ అంటారు. తక్కువ వేడిలో కాలిన మట్టి సున్నంతో రసాయనికంగా కలిసి, తడిలో కూడా గట్టిపడే మాలును ఇస్తుంది. నల్లగా మాడిన ఇటుకల పొడికి ఆ గుణం ఉండదు కాబట్టి, సుర్కీ కోసం ఏరేటప్పుడు ఖంగుమనే ఇటుకలను వదిలి, బొంగురుగా పలికే ఎర్రని ముక్కలనే తీసుకోవాలి.